పోయిన లెక్క, వచ్చిన లెక్క

సాయంత్రం ఏడు దాటితే సూరత్ రింగ్ రోడ్డు మూటల ఊరు. సహారా దర్వాజా పక్కన వరసగా నిలబడ్డ బట్టల మార్కెట్లలోంచి చీరల పార్శిళ్లు నెత్తుల మీద, తోపుడు బండ్ల మీద, టెంపోల్లో బయటికొస్తుంటాయి. ఫ్లైఓవర్ నీడలో ఒక చాయ్ బండి. దాని పక్క బల్ల మీద, పెద్ద మూట మీద చెయ్యేసి కూర్చున్నాయనది సిరిసిల్ల. నలభై ఏళ్ల కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చి, లింబాయత్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఎదురుగా నిలబడ్డది ఆయన మేనల్లుడు. ఐటీఐ చదివి, ఇక్కడే ఒక మార్కెట్లో వైర్‌మన్‌గా చేస్తున్నాడు. పెద్దాయన సంచిలో ఒక ఎర్ర వైరు చుట్ట, ఒక నల్ల వైరు చుట్ట ఉన్నాయి. గొడవ వాటి గురించే.

మామ: ఎర్రది ముప్పై మీటర్లు, నల్లది ముప్పై మీటర్లు. గాయింత చాలదా? వంటింట్ల ఫ్రిజ్ పెట్టే ప్లగ్గు ఉన్నది కదా, ఆడికెల్లి గుంజి, గోడ మీదికెల్లి ఎనుక రేకుల షెడ్డులకు దింపితే పని ఖతం. ఆదివారం నీకు మార్కెట్ బందే. వచ్చి రెండు బోర్డులు బిగించి, అత్త చేతి కూర తిని పో.

అల్లుడు: కూర తింట మామా. ముందు షెడ్డుల ఏం నడిపిస్తవో చెప్పు.

మామ: కుట్టు మిషన్లు ఆరు. మీ అత్త, కోడలు, గల్లీల ఆడోళ్లు నలుగురు. చీరలకు లేసు కుట్టే పని ఇస్తనన్నడు సేఠు. ఇగో, ఇది మొదటి మూట, అరవై చీరలు. కుట్టి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఇయ్యాలె.

అల్లుడు: ఇస్త్రీ పెట్టె గూడ షెడ్డులనేనా?

మామ: ఇంట్ల పెడ్తె మేం ఏడ పండుకోవాలె?

అల్లుడు: అయితే లెక్క చూడు. మోటరు మిషన్ ఒక్కొక్కటి 400 వాట్లనుకో, ఆరుకు 2,400. ఇస్త్రీ పెట్టె 1,000. ఫ్యాన్లు, ట్యూబులు కలిపి 420. మొత్తం 3,820. దాన్ని 230 వోల్టులతోని భాగిస్తే దగ్గరదగ్గర 17 ఆంపియర్లు. నువ్వు తెచ్చిన వైరు ఎంత దొడ్డు?

మామ: ఒకటిన్నర అన్నడు దుకాణపాయన. మా కాలంల మూడు బై ఇరవైరెండు అనేటోళ్లు. సాంచాలు నడిపే ఖాతాల లైట్లన్నీ దాని మీదనే వెలిగినయ్.

అల్లుడు: లైట్లు వెలుగుతయ్, ఎవలు కాదన్నరు? మోటర్ల కాడికి వస్తెనే తకరారు. నీకు నూలు భాషల చెప్త. ఊర్ల పత్తి నూలు నడిపినప్పుడు నెంబరు పెరిగితే నూలు సన్నమయ్యేది కదా?

మామ: అయ్యేది. నలభై కన్నా అరవై సన్నం. ఈడికొచ్చి పాలిస్టర్ పట్టినంక ఉల్టా అయింది. డెనియర్ పెరిగితే పోగు దొడ్డయితది. మొదట్ల నేను గూడ తికమకపడ్డ.

అల్లుడు: వైరు గూడ అంతే మారింది. నువ్వు చెప్పిన మూడు బై ఇరవైరెండుల ఇరవైరెండు గేజీ నెంబరు. అది పెరిగితే తీగ సన్నం, పత్తి నూలు లెక్కన. ఇప్పుడు స్క్వేర్ ఎంఎం. అది పెరిగితే దొడ్డు, డెనియర్ లెక్కన. ఒకటిన్నరంటే లైట్లకు, ఫ్యాన్లకు వేసే పోగు. నీ షెడ్డుకు ఆరు కావాలె.

మామ: ఒకటిన్నర కాడ ఆరా? నీకు కమీషన్ ఎంతిస్తున్నడురా దుకాణపోడు?

అల్లుడు: ఇస్తే బాగుండు. మీ మెయిన్ బోర్డు కాడికెల్లి షెడ్డు దాక 25 మీటర్లు. కరెంటు పోవాలె, మళ్ల రావాలె. అంటే 50 మీటర్ల రాగి తోవ. ఒకటిన్నర వైరుకు ఆ తోవల 0.6 ఓముల అడ్డం ఉంటది. 17 ఆంపియర్లు పారితే 10 వోల్టులు తోవలనే ఖర్చయితయ్. వోల్టులు పోతే పోనీ, అవి ఊకె పోవు, వేడై పోతయ్. లెక్క కడితే 175 వాట్లు. వైరు పొడుగూత ఒక పెద్ద బుగ్గంత వేడి ఎక్కుతది. అది గూడ ఏడ? మే నెల ఎండల కాలే రేకు మీద. ఆరు వైరైతే అదే తోవల పోయేది రెండున్నర వోల్టులు, వేడి 45 వాట్లు.

మామ: ఆరు మిషన్లు ఒక్కతాపనే ఎప్పుడు నడుస్తయ్ రా? ఒకామె చాయ్ తాగుతది, ఒకామె పిల్లకు పాలిస్తది. సగం మిషన్లు ఆగే ఉంటయ్.

అల్లుడు: దీపావళి ముంగట గూడ ఆగుతయా? సేఠు మనిషి తలుపు కాడ నిలబడి "ఆజ్ హీ చాహియే" అన్న రోజు?

మామ: ఆ రోజు ఆగయ్. సరే, వైరు వేడైతే ఫ్యూజు కొడ్తది. దానికోసమే కదా పెట్టేది.

అల్లుడు: ఏ ఫ్యూజు? మీ వంటింటి లైనుకు నిరుడు 32 ఆంపియర్ల ఎంసీబీ పెట్టించుకున్నవ్, గీజరు పెట్టినప్పుడు. ఎంసీబీ కాపాడేది వైరును. వైరు తాకతు తెలుసుకొని ఎంసీబీ పెట్టాలె. ఒకటిన్నర వైరు మోసేది పదిహేను పదహారు ఆంపియర్లు. దానికి 32 కావలి పెడ్తె, కావలోడు నిద్ర లేసేటాల్లకు ఇల్లు కాలుతది.

చాయ్‌వాలా రెండు గ్లాసులు పెట్టి పోయాడు. పెద్దాయన గ్లాసు ముట్టలేదు. ఎర్ర చుట్టను సంచిలోంచి తీసి, దాని అట్ట మీద ముద్రించిన అక్షరాలు చదవబోయాడు. అల్లుడు నల్ల చుట్టను కూడా తీసి దాని పక్కన పెట్టాడు.

అల్లుడు: ఎర్రది ఉన్నది, నల్లది ఉన్నది. పచ్చది ఏది మామా?

మామ: ఎర్తుకా? దానికి గంత దూరం వైరెందుకు? షెడ్డు ఎనుక గుంత తీసి, గొట్టం పాతి, ఉప్పు బొగ్గు పోస్త. ఊర్ల మా నాయినైతే నల్లది గూడ కొనలే. ఒక్క ఫేజు తెచ్చి, రెండో కొస భూమిల గుచ్చి బుగ్గ వెలిగించిండు.

అల్లుడు: వెలిగిందా?

మామ: ఎందుకు వెలగది? మంచిగనే వెలిగింది. వానాకాలం ఆ గొట్టం పక్కకు పోయి బర్రె సచ్చింది. మాయ రోగమొచ్చి సచ్చిందనుకున్నం.

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక కాసేపు ఇద్దరూ చాయ్ తాగారు.

అల్లుడు: గొట్టం పాతొద్దు అంటలే. పాతాలె. కాని గొట్టం పాతితే అయిపాయె అనుకునుడే తప్పు. లెక్క చూడు. మన్ను మంచిదైతే ఒక గొట్టానికి 20 ఓములు వస్తదనుకో. కుట్టు మిషన్ లోపల పోగు తెగి ఫేజు ఇనుపకు తగిలింది. కరెంటు మట్టిలకు ఎంత పారుతది? 230ని 20తోని భాగించు. పదకొండున్నర ఆంపియర్లు. నీ ఎంసీబీ 32ది. సీ రకం ఎంసీబీ చటుక్కున పడాలంటే దాని నెంబరుకు అయిదంతలకెల్లి పదంతలు పారాలె, అంటే 160కెల్లి 320 ఆంపియర్లు. పదకొండున్నరకు అది కదలదు. మోటరు తిరుగుతనే ఉంటది, మిషన్ ఒంటి మీద కరెంటు నిలబడే ఉంటది. అత్త చెయ్యి పెట్టే దాక ఎవలికీ ఎరుక ఉండది.

మామ: మరి గింతమంది ఉప్పు, బొగ్గు ఎందుకు పోస్తున్నరు?

అల్లుడు: మట్టి అడ్డం తగ్గుతదని. తగ్గుతది గూడ. అయినా మట్టి మట్టే, రాగి రాగే. అందుకే షెడ్డు నుంచి పచ్చ వైరు మీ ఇంటి ఎర్తు కాడికే రావాలె. రెండు కట్టడాలకు ఒకటే ఎర్తు. మీటరు కాడ కంపెనీ ఎర్తు ఇచ్చి ఉంటే, తప్పు కరెంటు రాగి తోవల ఎనుకకు పోతది, ఎంసీబీ అప్పటికప్పుడు పడ్తది. షెడ్డు రేకులను, ఇనుప గుంజలను గూడ ఆ పచ్చ దానికే కట్టాలె.

మామ: అంటే పచ్చది రోజూ ఏ పనీ చెయ్యది. ఊకె పడుంటది. దానికి పైసలు పెట్టాలె.

అల్లుడు: ఆ... అంతే.

మామ: నవ్వకురా. నేను ఊరు నుంచి బయలెల్లినప్పుడు మా అమ్మ వాపసు రైలు కిరాయి బనీను లోపల సంచి కుట్టి పెట్టింది. ఆకలైనా ముట్టొద్దని ఒట్టేయించుకున్నది. రెండేండ్లు ముట్టలే. ఆ పైసలతోని ఏం కొనలే, కాని అవి ఉన్నయనే రాత్రి నిద్ర పట్టేది. నీ పచ్చ వైరు గట్లనే ఉన్నది.

అల్లుడు: నా మాస్టర్ గూడ గింత మంచిగ చెప్పలే మామా.

మామ: తారీఫు వద్దు, ఖర్చు చెప్పు. ఇగ అయిపాయెనా?

అల్లుడు: ఇంకొకటి ఉన్నది. అన్నిటికన్న ముఖ్యం అదే. ఆర్‌సీసీబీ.

మామ: నాకెరుకే. ఊకె పడిపోయే డబ్బా. మా పక్కింటోళ్లు పెట్టిన్రు, మొగులైతే చాలు ఇల్లంతా చీకటి.

అల్లుడు: అదేం చేస్తదో ఎరుకేనా? ఎంసీబీ ఎంత పోతున్నదో చూస్తది. ఆర్‌సీసీబీ పోయిందెంత, వచ్చిందెంత అని చూస్తది. ఎర్ర దాంట్ల పోయింది నల్ల దాంట్ల మొత్తం తిరిగి రావాలె. ఈ మూట లెక్కనే. సేఠు అరవై చీరలిచ్చి చలాన్ మీద సంతకం తీస్కున్నడు. నువ్వు వాపసిచ్చినప్పుడు అరవై లెక్క పెట్టుకుంటడు. యాభై తొమ్మిది వస్తే?

మామ: పని బందు పెడ్తడు. దొర్కే దాక కొత్త మూట ఇయ్యడు.

అల్లుడు: ఆర్‌సీసీబీ ఆ సేఠే. 30 మిల్లీ ఆంపియర్లు తక్కువొచ్చినయా, ఏడనో కారుతున్నదని లైను కోస్తది. ఎందుకు 30 అంటవా? తడి చెయ్యి మనిషి ఫేజు ముట్టుకుంటే ఒంటికెల్లి పారేది, ఒళ్లు 1,500 ఓములు అనుకుంటే, 150 మిల్లీ ఆంపియర్లు. గుండె ఆగడానికి అది చాలు. 32 ఆంపియర్లంటే 32,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి సచ్చేంత కరెంటు ఎంసీబీకి లెక్కల దుమ్ము లెక్క. దుమ్మును గూడ లెక్కపెట్టే సేఠు కావాలె మనకు.

మామ: సరే, మంచోడే. మరి మొగులు పడితే ఎందుకు పడిపోతున్నడు నీ సేఠు?

అల్లుడు: ఏడనో తడి చేరి కారుతున్నది గనుక. లేకుంటే షెడ్డు బోర్డుల నల్లదాన్ని, పచ్చదాన్ని ఎవడో కలిపి ఉంటడు. అట్ల కలిపితే తిరిగొచ్చేదాంట్ల కొంత పచ్చదాంట్లకెల్లి పోతది, లెక్క తక్కువ పడ్తది. ఆ రెండూ షెడ్డు కాడ ఎప్పుడూ కలవొద్దు.

మామ: ఇగ నేనొకటి అడుగుత, నిజం చెప్పు. మీ మార్కెట్ల ఆర్‌సీసీబీలు అన్నీ పని చేస్తున్నయా?

అల్లుడు జవాబు చెప్పలేదు. రోడ్డు మీద ఒక టెంపో పార్శిళ్ల కింద నలిగి మూలుగుతూ పోయింది.

మామ: చెప్పు.

అల్లుడు: లేవు. పోయిన దీపావళికి ఒక దుకాణంల గంటకోసారి పడుతుండె. గిరాకీ నిండుగ ఉన్నది. యజమాని "దాన్ని తప్పించి నేరుగ కలుపు" అన్నడు. కలిపిన.

మామ: నువ్వా?

అల్లుడు: నేనే. మళ్ల పండుగైనంక పోయి వెతికితే, డిస్‌ప్లే లైటు వైరు ఒకటి అద్దం కింద నలిగి ఉన్నది. సరి చేసిన. కాని ఆ ఇరవై రోజులు నాకు నిద్ర మంచిగ పట్టలే.

మామ: చూసినవా! నేను చెప్పేది అదే. 2025 ఫిబ్రవరిల శివ్ శక్తి మార్కెట్ మండితే నేను గూడ వచ్చి నిలబడ్డ ఈ రోడ్డు మీద. బేస్‌మెంటుల మొదటి రోజు ఒకడు సచ్చిండు. తెల్లారి మళ్ల అంటుకున్నది, వందల దుకాణాలు బూడిదైనయ్. ఫైర్ ఇంజన్లు ఎన్నొచ్చినా రోజు దాటినా ఆరలే. అంత పెద్ద కట్టడాలకు కాగితాలు, ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు అందరూ ఉంటరు. అయినా మండినయ్. ఆరు మిషన్ల నా రేకుల షెడ్డుకు మాత్రం అన్ని శాస్త్రాలు కావాలె. రూలు ఎప్పుడూ చిన్నోడి నెత్తి మీదనే కూసుంటదేందిరా? నేను నలభై ఏండ్లు ఖాతాలల్ల పని చేసిన. తీగలు నెత్తి మీద ఏలాడేటివి. టేపు చుట్టిన జాయింట్ల మీద దూది పేరుకుపోయేది. ఎవడన్నా అడిగిండా ఏ సేఠునైనా?

అల్లుడు: నువ్వన్నది కాదనలేను. ఆ దూది కింద పడుకున్నోళ్లు ఎవలు? సేఠా, నువ్వా?

మామ: నేనే. మిషన్ల నడుమనే చాప వేసుకునేటోళ్లం.

అల్లుడు: అదే మామా. కాగితం మంటను ఆర్పదు, నిజం. అయినా కాగితం పని చెయ్యలేదని రాగి గూడ చెయ్యదనుడు తప్పు. 2019 మే 24న సర్థాణాల తక్షశిల కాంప్లెక్స్ మండి 22 మంది చదువుకునే పిల్లలు సచ్చిన్రు. పైనున్న పిల్లలు దూకుతుంటె టీవీల అందరం చూసినం. నువ్వు అన్నం తినలే ఆ రాత్రి. రేపు నీ షెడ్డుల ఉండేది అత్త, కోడలు, గల్లీ ఆడోళ్లు. రేకుల షెడ్డు, పాలిస్టర్ చీరలు, ఒకటే తలుపు. పెద్దోడు లెక్క తప్పిండని నువ్వు తప్పితే ఆయనకు వచ్చే నష్టం లేదు.

మామ: మరి నీ సేఠు దీపావళి రోజు పడిపోతే నేనేం చెయ్యాలె? నువ్వు చేసినట్టే కదా చెయ్యాలె?

అల్లుడు: నేను చేసింది ఏంది? చీర తక్కువొస్తే చలాన్ చింపేసిన. చలాన్ చింపితే చీర దొర్కుతదా? నీకు ఆ గతి రాకుండ లైన్లు విడగొడ్త. లైట్లకు ఒక ఆర్‌సీసీబీ, మిషన్లకు ఒకటి. మిషన్ల వైపు పడితే చీకటి కాదు. ప్లగ్గులన్నీ తీసి, ఒక్కొక్కటే పెట్టుకుంట రా. ఏది పెట్టంగనే పడ్తదో ఆ మిషన్ దొంగ. దాన్ని పక్కకు పెట్టి మిగిలిన అయిదు నడుపు. పది నిమిషాల పని. నెలకొకసారి దాని మీద టెస్ట్ బటన్ ఒత్తు. పడితే బతికున్నట్టు, పడకుంటే మార్చాలె.

పెద్దాయన గ్లాసు ఖాళీ చేసి మూటకు ఆనుకున్నాడు. ఓడినట్టు లేదు. బేరం మొదలుపెట్టే మనిషిలా ఉన్నాడు.

మామ: సరే, రాగి మాట ఒప్పుకున్న. కాగితం మాట ఒప్పుకోను. కరెంటు ఆఫీసుకు పోను. పోతే గుజరాతీల దరఖాస్తు, ఇంటి కాగితం, ఆ సంతకం, ఈ సంతకం. ఇల్లు నాది, మీటరు నాది, బిల్లు నేను కడుతున్న. ఎనుక షెడ్డు గూడ నా జాగలనే.

అల్లుడు: 2003 కరెంటు చట్టంల 126వ సెక్షన్ అని ఒకటున్నది. ఏ పనికని కరెంటు తీసుకున్నమో దానికి గాక వేరే పనికి వాడినా, ఏ జాగకని తీసుకున్నమో ఆ జాగ దాటించినా అనధికార వాడకమే. దొంగతనం కాదు గని, లెక్క మాత్రం రెండింతల ధరకు కడతరు. ఎప్పటిసంది వాడుతున్నవో తేలకుంటే ఎనుకకు పన్నెండు నెలలు పట్టుకుంటరు. ఈడ ఇంటి ధర వేరు, ఇల్లు కాని దాని ధర వేరు. ఆర్‌జీపీ అనేది ఇల్లు, నాన్ ఆర్‌జీపీ అనేది దుకాణం అసుంటి పని. బయటి ఆడోళ్లను పెట్టి నడిపే షెడ్డు దేని కిందికి వస్తదో అడిగి రాపిచ్చుకుంటేనే మంచిది. సూరత్‌ల కొంత జాగకు టోరెంట్ కంపెనీ కరెంటు ఇస్తది, కొంత జాగకు డీజీవీసీఎల్ కంపెనీ. నీ బిల్లు మీద ఎవరి పేరుందో చూసి ఆ ఆఫీసుకు పోవాలె. నేనొస్త నీతోని.

మామ: చూడు, మళ్ల చిన్నోడి మెడకే. నలుగురు ఆడోళ్లకు ఇంటి కాడ పని దొర్కితే దానికి దుకాణం ధరనా? మా సిరిసిల్లల సాంచాలకు సర్కారు సగం ధరకు కరెంటు ఇచ్చింది. ఎందుకు? ఇంటెనుక షెడ్డే వాళ్ల ఖార్ఖానా అని తెలిసి. ఇక్కడ ఈ రింగ్ రోడ్డు దుకాణాలు మా ఆడోళ్ల చేతుల మీదనే నడుస్తున్నయ్. లేసు ఎవలు కుట్టాలె? రాళ్లు ఎవలు అతికించాలె? పోగులు ఎవలు కత్తిరించాలె? చీరకు ఇంతని ఇస్తరు. అందుల్నే సుయి, దారం, కరెంటు. ఆ లెక్క సేఠు చలాన్‌ల ఉంటదా?

అల్లుడు: ఉండది.

మామ: మరి నువ్వు చెప్పే పోయిన లెక్క, వచ్చిన లెక్క అక్కడ ఎవలు చూస్తరు?

అల్లుడు: దానికి నా కాడ డబ్బా లేదు మామా. నువ్వు గెలిచినవ్. రేటు పెంచమని సేఠును అడిగితే నేను గూడ వస్త. కాని ఆ కోపం వైరు మీద చూపొద్దు.

మామ: చూపను. విను, నా బేరం ఇది. ఈ సీజన్‌కు మిషన్లు మూడే. ఇస్త్రీ పెట్టె ఇంట్లనే, మంచం నిలబెడ్తం. పని కుదిరితే సంక్రాంతి దాటినంక ఆరు చేస్త, అప్పుడు ఆఫీసుకు పోదాం. ఇప్పుడు లెక్క ఎంత?

అల్లుడు: మూడు మిషన్లు 1,200, లైట్లు ఫ్యాన్లు 420. మొత్తం 1,620 వాట్లు. 7 ఆంపియర్లు. మంచి బేరమే. కాని రెండు మాటలు. ఆఫీసుల అడిగేది ఇప్పుడే అడుగుదాం, మూడు మిషన్లకైనా బయటి మనిషి వచ్చి పని చేస్తున్నదంటే అడగాల్సిందే. రెండోది, ఇంటి నుంచి షెడ్డు దాక పోయేది మాత్రం ఆరుదే వెయ్యాలె.

మామ: 7 ఆంపియర్లకు ఆరెందుకు? నువ్వే డెనియర్ లెక్క చెప్పినవ్.

అల్లుడు: మిషన్లు మెల్లగ కొనొచ్చు, గుంత మెల్లగ తవ్వలేం. గుంత ఒక్కసారే. భూమిల పెట్టేది పెద్దదే పెట్టాలె.

మామ: గుంతా? గోడ మీదికెల్లి కాదా?

అల్లుడు: రేకు అంచు కత్తి లెక్క ఉంటది. గాలికి వైరు దాని మీద రాసుకుంటె ఒక వానాకాలం ఆగది. అత్త బట్టలు ఆరేసే ఇనుప దండెం గూడ ఆ గుంజకే కట్టి ఉన్నది. మన దిక్కు ఏటా పేపర్ల చూస్తలేమా, దండేనికి కరెంటు పారి తల్లి పట్టుకుంటె, ఆమెను గుంజబోయి కొడుకు పట్టుకునుడు. వద్దు. ఆర్మర్డ్ కేబుల్ తెద్దాం, మూడు పోగులది. పైన ఇనుప తీగల కవచం ఉంటది, పందికొక్కు కొరికినా, గడ్డపార తాకినా కొంత తట్టుకుంటది. రెండున్నర అడుగుల లోతు, కింద ఇసుక, మీద ఇసుక, దాని మీద ఇటుకలు పరిచి మన్ను కప్పాలె. రేపు ఎవడన్నా తవ్వితే ముందు ఇటుక తగలాలె.

మామ: మెట్రోకు తవ్వినట్టు తవ్వమంటవ్. సరే, గుంత నేను తవ్వుత, కూలీ పైసలు మిగులుతయ్. 25 మీటర్లు నాలుగు పొద్దులు.

అల్లుడు: తవ్వే ముందు గ్యాస్ పైపు ఏడికెల్లి పోతున్నదో చూడాలె. వంటింటికి పైపు గ్యాస్ వచ్చింది కదా. దాని దగ్గర గడ్డపార వెయ్యకు, చేత్తోని మన్ను తియ్యి. కేబుల్‌ను దానికి దూరంగనే తీస్కపోదాం. కేబుల్ నేను పరుస్త. రెండు కొసలకు గ్లాండ్లు వేసి, కవచాన్ని గూడ ఎర్తుకు కడ్త. ఇంటి బోర్డు కాడ ఈ షెడ్డుకని వేరే ఎంసీబీ. వంటింటి ప్లగ్గును ముట్టుకోం. షెడ్డుల తలుపు పక్కనే చిన్న బోర్డు, మెయిన్ స్విచ్ ఒకటి. చీకట్ల గూడ చెయ్యి పెడ్తె దొర్కాలె.

మామ: ఎంత ఎత్తున పెడ్తవ్?

అల్లుడు: నాలుగున్నర అడుగులు అనుకుంటున్న.

మామ: ఆడ నువ్వు తప్పినవ్. 2006 ఆగస్టుల తాపీ నది పొంగి ఊరు మునిగినప్పుడు నువ్వు చిన్నపోరగానివి. తాపీ సంగతి అట్లుంచు, మన దిక్కు మీఠీ ఖాడీ వాగు ఎన్ని మాట్ల ఇంట్లకు రాలే? షెడ్డు గోడకు నా చేత్తోని సున్నం గీత కొట్టిన, నీళ్లు ఆడి దాక వచ్చినయని. బోర్డు ఆ గీత మీద మూరెడు ఎత్తుల ఉండాలె. ప్లగ్గులు గూడ గీత మీదనే. కిందికెల్లి వైరు పోనియ్యకు, పైకెల్లి దింపు.

అల్లుడు: ఇది మా పుస్తకంల లేదు మామా.

మామ: నీ పుస్తకం రాసినోడు లింబాయత్‌ల ఉన్నడా?

ఇద్దరూ నవ్వారు. అల్లుడు చలాన్ వెనక్కి తిప్పి, పెన్నుతో ఒక గీత గీశాడు: ఇల్లు, మీటరు, ఎంసీబీ, భూమి కింద ఒక పొడుగు గీత, షెడ్డు, రెండు ఆర్‌సీసీబీలు. పక్కనే పెద్దాయన గోరుతో ఇంకో గీత చూపించాడు. నీటి గీత. అల్లుడు దాన్ని కూడా గీశాడు.

మామ: మరి ఈ రెండు చుట్టలు? వాపసు తీస్కోడు వాడు.

అల్లుడు: వాపసెందుకు? షెడ్డు లోపల లైట్లకు, ఫ్యాన్లకు ఇవే. ఒకటిన్నర దానికి సరిపోతది. పచ్చది ఒక చుట్ట కొందాం, పైపు కొందాం. గంతే.

మామ: అంటే నేను కొన్నది పూరాగ తప్పు కాదన్నట్టు.

అల్లుడు: తప్పు కాదు. దూరం తప్పింది.

ఆటో వచ్చి ఆగింది. మూట ఎత్తబోయిన అల్లుడి చెయ్యి పట్టుకుని ఆపి, పెద్దాయన బల్ల మీదే ముడి విప్పాడు. చలాన్ మీద సంతకం పెట్టిన తొందరలో లెక్క పెట్టుకోలేదట. ఫ్లైఓవర్ కింద పసుపు వెలుతురులో, వేలు తడి చేసుకుంటూ, ఒక్కో మడత పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆటోవాడు హారన్ కొట్టాడు.

మామ: యాభై తొమ్మిది.

అల్లుడు: రేపు పొద్దున చెప్దాం మామా, షట్టర్లు దిగుతున్నయ్.

మామ: రేపు చెప్తే నేనే తీసినట్టయితది. నువ్వు మూట కాడ నిలబడు.

వెనకాల గీతలున్న చలాన్ చేతిలో పట్టుకుని, వాహనాల నడుమ నుంచి రోడ్డు దాటి, పెద్దాయన మళ్లీ మార్కెట్ మెట్లెక్కాడు.